ప్రజల నుడికి పాటుపడిన వైద్యుడు: యోసిప్ వోష్న్యాక్



పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున ఆస్ట్రియా సామ్రాజ్యములోని స్టిరియా రాష్ట్రపు దక్షిణభాగమున స్లోవేన్ రైతులు నివసించుచుండిరి. వారి యింటిలోని మాట స్లోవేన్. కచేరీలోని మాట జర్మన్. తన పొలమును గూర్చిన తీర్పు చేతికి వచ్చినను, దానిని చదివి చెప్పుటకు రైతు మరియొకని నాశ్రయింపవలసి యుండెను.

ఆ సీమలోని షోష్తాన్ అను ఊర 1834వ సంవత్సరమున యోసిప్ వోష్న్యాక్ జన్మించెను. వియన్నాలో చదివి వైద్యుడయ్యెను. 1867లో స్టిరియా శాసనసభకు సభ్యుడుగా ఎన్నుకొనబడెను. ఆ డిసెంబరుననే వెలువడిన రాజ్యాంగ శాసనము, పాఠశాలలలోను కచేరీలలోను దేశభాషలన్నిటికి సమాన స్థానము గలదని చాటెను. హక్కు కాగితముపైకి వచ్చినది. అది రైతు గడపకు చేరవలసి యుండెను.

ఆ పనికై వోష్న్యాక్ తన మిత్రులతో గూడి 1868లో మరిబోర్ పట్టణమున ‘స్లోవెన్‌స్కి నారోద్’ అను పత్రికను నెలకొల్పెను. ఆ యేడు ఆగస్టు 9న ల్యుతోమెర్‌లో మొదటి ‘తాబోర్’, అనగా ఆరుబయలు మహాసభ, జరిగెను. స్లోవేనులందరు ఒక్క పాలనక్రింద నుండవలెననియు, బడిలోను కచేరీలోను తమ భాష నడవవలెననియు వేలకొలది రైతులు కోరిరి. మరుసటి యేట విజ్మార్యె సభకు సుమారు 30,000 మంది వచ్చిరి. 1871 తరువాత ప్రభుత్వము ఈ సభలను సాగనీయలేదు.

సభలు ఆగినను పని ఆగలేదు. 1873లో వోష్న్యాక్ వియన్నా పార్లమెంటున ప్రవేశించెను. ఉదారవాదులైన యువ స్లోవేనులును, పాతపక్షమువారును అప్పుడు తమలో తాము పోరాడుకొనిరి. కొలదిమంది ప్రతినిధులు గల జాతికి ఆ కలహము చేటని గ్రహించి కొన్నియేండ్లకు చేతులు కలిపిరి. అప్పులలో మునిగిన రైతునకు భాషాస్వాతంత్ర్య మొక్కటియే చాలదని తెలిసి, యోసిప్ తమ్ముడు మిహాయెల్ 1883లో స్లోవేన్ పరపతి సంఘముల సమాఖ్యను స్థాపించెను.

1885 నాటికే వోష్న్యాక్ వియన్నా పార్లమెంటును విడిచెను. పదేండ్లకు, 1895లో, సెల్యే పట్టణపు ఉన్నత పాఠశాలలో స్లోవేన్ తరగతులు పెట్టవలెనా వలదా యను వివాదము చెలరేగెను. కొలది తరగతులకై పుట్టిన ఆ తగవుతో వియన్నాలోని మంత్రివర్గమే కూలిపోయెను! బడిలోని భాష చిన్న విషయమని తలచినవారికి అది తగిన సమాధానము.

రాజకీయములతోపాటు వోష్న్యాక్ నవలలును నాటకములును వ్రాసెను. ఆయన ‘లేపా విదా’ నాటకమునకు స్లోవేన్ జానపద గేయనాయిక పేరే పేరు. 1905, 1906 సంవత్సరములలో తన జ్ఞాపకములను ప్రకటించెను. 1911లో కన్నుమూసెను.

స్లోవేనులందరు ఒక్క పాలనక్రిందికి వచ్చుట ఆయన చూడలేదు. 1918లో సామ్రాజ్యము పోయెను. 1919లో ల్యుబ్ల్యానలో స్లోవేన్ విశ్వవిద్యాలయము వెలసెను. పత్రిక, సభ, పరపతి సంఘము, పాఠశాల: శాసనమునందలి యొక్క వాక్యమును నిత్యజీవితము లోనికి తెచ్చినవి ఇవియే. నాడు తీర్పును చేతబట్టుకొని చదువరికై వెదకిన రైతు మనుమడు, దానిని తానే చదువుకొనగలిగెను.