వంటింటి కరెంటు పని – మనం చేసుకోదగ్గది ఎంత?
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దువ్వాడ, కూర్మన్నపాలెం వైపు ఇళ్ళు కట్టుకున్న మనవాళ్ళలో చాలామంది ఇంటి కరెంటు పని తామే చేసుకుంటారు. "కర్మాగారంలో అంతంత మోటార్లు చూసినవాళ్ళం, వంటింట్లో ఒక పాయింటు పెట్టుకోలేమా?" అంటారు. ఎలక్ట్రికల్ విభాగంలోనే రిటైరైన నేను, పెట్టుకోలేరని అనను. పెట్టుకోవచ్చా అన్నదే ప్రశ్న.

1956 నాటి భారత విద్యుత్ నిబంధనలలో 45వది దీనికి గీత గీసింది. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి వంటివి పాతదాని స్థానంలో కొత్తది మార్చుకోవచ్చు. అయితే వైరింగు సామర్థ్యం గాని, స్వభావం గాని మారకూడదు. అంతకు మించిన పని ఏదైనా లైసెన్సున్న కాంట్రాక్టరే, యోగ్యతాపత్రం ఉన్న వ్యక్తి ప్రత్యక్ష పర్యవేక్షణలో చేయించాలి. 2010లో, మళ్ళీ 2023లో కొత్త నిబంధనలు వచ్చినా ఈ గీత చెరగలేదు.

అంటే పాడైన స్విచ్చి మార్చుకోవచ్చు. ఇండక్షన్ పొయ్యి కోసం 6 ఆంపియర్ల సాకెట్టు తీసి 16 ఆంపియర్లది బిగించడం మాత్రం మన పని కాదు. 2000 వాట్ల పొయ్యి దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. సాకెట్టు పెద్దదైనా గోడలోని సన్నని తీగె పెద్దది కాదు. అది వేడెక్కేది మన కంటికి కనబడదు.

"ఎంసీబీ ఉందిగా" అంటారు. ఎంసీబీ కాపాడేది తీగెను, మనిషిని కాదు. ఒంట్లోంచి ఆంపియరులో పదో వంతు ప్రవహించినా ప్రాణం పోవచ్చు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కలోకే రాదు. మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల లీకేజికే లైను తెంచే ఆర్‌సీసీబీ. దాని మీద ఉండే టెస్ట్ బటను అప్పుడప్పుడు నొక్కి చూడాలి. నొక్కితే పడిపోకపోతే అది ఉన్నా లేనట్టే.

ఇక ఎర్త్ సంగతి. మనది సముద్రపు గాలి తగిలే ఊరు. ఎర్త్ గొయ్యి దగ్గర క్లాంపు తుప్పు పడుతుంది, వేసవిలో గొయ్యి ఎండిపోతుంది. మా వీధిలో ఒకరింట్లో ఫ్రిజ్ ముట్టుకుంటే జిల్లుమంటోందని పిలిచారు. చూస్తే మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ తీగె కత్తిరించి ఉంది. సాకెట్టులో పట్టడం లేదని ఎవరో చేసిన ఉపాయమట! తడి చేత్తో ఆ ఫ్రిజ్ తలుపు తీసేది ఆ ఇంటి కోడలు.

మిత్రులారా! పర్మిట్ లేకుండా, లైను ఆపకుండా ఫ్యాక్టరీలో మనం చెయ్యి పెట్టేవాళ్ళం కాదు. ఇంట్లో స్విచ్చి మార్చేటప్పుడైనా మెయిన్ ఆపండి. ఆపామని ఇంట్లోవాళ్ళకు చెప్పండి. టెస్టరుతో చూశాకే ముట్టుకోండి.

ఈ సభకు నాదొక మనవి. లైసెన్సున్న కాంట్రాక్టరును సంఘం తరఫున మాట్లాడి, సభ్యుల ఇళ్ళలో ఎర్త్, ఇన్సులేషన్ పరీక్షలు వరుసగా చేయించి, ఫలితం కాగితం మీద తీసుకుందాం. పదిమందీ కలిస్తే ఖర్చూ తగ్గుతుంది. మన అనుభవం పని చేయడానికి కాకపోయినా, చేసిన పని సరిగా ఉందో లేదో చూడడానికి బాగా పనికొస్తుంది.