గ్లాసెడు నీళ్లతో వరి తెగులు పరీక్ష



వరి ఆకులు కొసనుండి పండి ఎండుతుంటే, "చేనుకు సత్తువ చాలలేదు" అనుకొని యూరియా బస్తా విప్పేవారు మనలో చాలామంది ఉన్నారు. ఒక్కొక్కప్పుడు అది నిజమే కావచ్చు. కాని వచ్చినది బాక్టీరియా ఎండాకు తెగులయితే, ఆ యూరియా పైరుకు గాక తెగులుకే బలమిస్తుంది. 1963లో బీహారులోని షాహాబాదు జిల్లాలో ఈ తెగులు విజృంభించి వరిపంటను దెబ్బతీసింది. కనుక ముందు తెగులును గుర్తించవలెను. ఎరువు మాట తర్వాత.

ఈ తెగులు ఆకు కొసన మొదలై అంచుల వెంబడి క్రిందికి దిగుతుంది. ఎండిన భాగమూ పచ్చని భాగమూ కలిసేచోట అంచు తిన్నగా గాక అలలు అలలుగా ఉంటుంది. పొద్దున్నే, మంచు ఆరకముందే చేలోకి వెళ్లి చూడండి. మచ్చలమీద పాలచుక్కల వంటి బిందువులు కనబడతాయి. ఎండ ఎక్కితే అవే పసుపుపచ్చని చిన్న పూసలుగా గట్టిపడతాయి.

ఇంకా అనుమానముంటే గాజుగ్లాసులో తేటనీళ్లు తీసుకోండి. పసుపూ పచ్చా కలిసేచోట ఆకును బ్లేడుతో కోసి, కోసిన కొస నీటిలో మునిగేట్లు నిలబెట్టండి. కదపకండి. అయిదు పది నిమిషాలు వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. కోసినచోటునుండి పొగ తీగవలె తెల్లని జిగురు దిగి నీరు మసకబారితే అది బాక్టీరియాయే. సత్తువ లేకనో, చౌడు వల్లనో ఎండిన ఆకునుండి ఈ ధార రాదు. మరొక గ్లాసులో మంచి ఆకు ముక్క ఉంచి పోల్చుకుంటే తేడా తెలిసిపోతుంది.

నాటిన మూడు నాలుగు వారాలలో పిలకలు వాడిపోతే మొవ్వు లాగి చూడండి. సులువుగా ఊడివస్తే కాండం తొలుచు పురుగు. ఊడిరాక, మొదలు కోసి పిండినప్పుడు పసుపు జిగురు వస్తే ఈ తెగులే.

తెగులు అని తేలితే పైపాటు యూరియా ఆపండి. నీరు తీసి చేను ఆరబెట్టండి. ఆ నీటిని మురుగుకాలువకు వదలవలెనే గాని పక్కవారి మడిలోకి కాదు. ఆకు తడిగా ఉండగా చేలో తిరగవద్దు. ఆ ధాన్యం విత్తనానికి ఉంచవద్దు. పట్టిన తెగులును పూర్తిగా మాన్పే మందు లేదు గనుక, మరుసటి పంటకు తట్టుకొనే రకం వేయడమే మేలు. 2008లో హైదరాబాదు శాస్త్రజ్ఞులు అందించిన ఇంప్రూవ్డ్ సాంబా మసూరి అటువంటిది. నారు కొసలు తుంచి నాటవద్దు. ఆ గాయాలలోనుంచే తెగులు ప్రవేశిస్తుంది.

బస్తా మూతి విప్పేముందు గ్లాసెడు నీళ్లు ముంచండి. ఖర్చు లేని పరీక్ష గదా!