భాస్వరం జాడ

కాడుగోడిలో తెలుగువారి సభలో చేసిన ఎల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం

కాడుగోడి మెట్రో స్టేషన్‌లో దిగి బజారులోకి వస్తే ఏ మందుల షాపులోనైనా మూడు మాత్రలు ఉంటాయి. కీళ్లవాతం ఉన్నవాళ్లు వారానికొక్కసారి వేసుకునే మెథోట్రెక్సేట్ ఒకటి. దాని దుష్ప్రభావాలు తగ్గడానికి తక్కిన రోజుల్లో వేసుకునే ఫోలిక్ యాసిడ్ రెండోది. స్క్రబ్ టైఫస్ జ్వరానికి డాక్టర్లు రాసే డాక్సీసైక్లిన్ మూడోది. గర్భిణులకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఐరన్ మాత్రలోనూ ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. ఈ మందుల పుట్టుపూర్వోత్తరాలు వెతుక్కుంటూ పోతే న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊరు, అక్కడి లెడర్లీ ప్రయోగశాలలు వస్తాయి. 1940లో అక్కడ చేరి పరిశోధనను నడిపించినవారు భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన పేరు చెప్పగానే మనవాళ్లు నోబెల్ రాలేదన్న బాధతో మొదలుపెడతారు. ఆ బాధ న్యాయమైనదే. కానీ అంతకంటే పెద్ద సంగతి ఒకటి మరుగున పడిపోయింది. కణంలో ప్రొటీన్లు డీఎన్‌ఏను, ఆర్‌ఎన్‌ఏను ఎలా పట్టుకుంటాయి, ఎలా చదువుతాయి, ఎలా వదులుతాయి అన్న చరిత్రలో ఆయన పని అడుగడుగునా తగులుతుంది. డీఎన్‌ఏ జంటపేట రూపం బయటపడింది 1953లో. ఆయన 1948 ఆగస్టులోనే వెళ్లిపోయారు. తన మందులు కణంలో ఏ చోట పనిచేస్తున్నాయో కళ్లారా చూసే భాగ్యం ఆయనకు దక్కలేదు.

సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టారు. సోదరులిద్దరు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. అదే జబ్బు తనకూ వస్తే ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. 1922లో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర పనికి కుదిరారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలవడం ఆ పని.

ఆ కొలత దగ్గర కాస్త ఆగాలి. నమూనాలో మాలిబ్డేట్ ద్రావణం కలుపుతారు. అది ఫాస్ఫేట్‌తో కూడుతుంది. తర్వాత క్షయకరణం చేసే మరో రసాయనం వేస్తే పరీక్షనాళికలో నెమ్మదిగా నీలం తేలుతుంది. భాస్వరం ఎంత ఎక్కువుంటే నీలం అంత ముదురు. తెలిసిన కొలత ఉన్న నాళికను పక్కన పెట్టి, కలరిమీటరులో రెండు రంగులనూ సరిపోల్చి లెక్క కడతారు. 1925లో అచ్చయిన ఈ ఫిస్కే-సుబ్బారావు పద్ధతిని బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఇప్పటికీ నేర్చుకుంటారు. దాని సాయంతోనే వాళ్లిద్దరూ 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని పట్టుకున్నారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనిపెట్టారు. మూడు ఫాస్ఫేట్లున్న ఈ అణువు కణానికి శక్తినిస్తుంది. ఆర్‌ఎన్‌ఏ అల్లడానికి కావలసిన నాలుగు ముడిసరుకుల్లో అదీ ఒకటి.

భాస్వరానికి డీఎన్‌ఏతో ఉన్న చుట్టరికం అంతకు చాలా ముందు నుంచే ఉంది. 1869లో ఫ్రెడరిక్ మీషర్ ట్యూబింగెన్‌లో ఆసుపత్రి కట్లకు అంటిన చీము నుంచి కణాల కేంద్రకాలు వేరుచేసి, వాటిలో కొత్త పదార్థం చూశారు. ఇప్పుడు మనం డీఎన్‌ఏ అంటున్నది దాన్నే. మామూలు ప్రొటీన్ కాదని అనుమానం రావడానికి ఒక కారణం అందులోని భాస్వరమే. ఆయనే 1874లో రైన్ నది సాల్మన్ చేపల వీర్యంలో ఆ పదార్థాన్ని అంటిపెట్టుకున్న ప్రోటమిన్ అనే ప్రొటీన్‌ను చూశారు. 1884లో ఆల్‌బ్రెక్ట్ కోసెల్ బాతుజాతి పక్షి ఎర్రకణాల్లో హిస్టోన్ అనే మరో ప్రొటీన్‌ను గుర్తించారు. అయినా వంశలక్షణాలు మోసేది ప్రొటీనేనని చాలామంది దశాబ్దాలపాటు నమ్మారు. 1952లో ఆల్‌ఫ్రెడ్ హెర్షే, మార్తా చేజ్ ఆ తగవు తీర్చడానికి మళ్లీ భాస్వరాన్నే నమ్ముకున్నారు. వైరస్ డీఎన్‌ఏకు రేడియోధార్మిక భాస్వరం, ప్రొటీన్‌కు రేడియోధార్మిక గంధకం గుర్తుగా పెట్టారు. బ్యాక్టీరియాకు అంటించి, వంటింటి బ్లెండర్‌లో తిప్పి పైతొడుగులు రాల్చారు. గంధకం చాలావరకు బయటే మిగిలింది, భాస్వరం లోపలికి వెళ్లింది. అంటే వంశలక్షణాలు మోసేది డీఎన్‌ఏ అన్నమాట.

డీఎన్‌ఏ వెన్ను పొడవునా ఫాస్ఫేట్లే. ఒక్కోదానికీ ఋణావేశం. హిస్టోన్లలో లైసిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాలు ఎక్కువ, వాటికి ధనావేశం. పట్టుకు మొదటి ఆధారం అది. మనిషి కణంలోని సుమారు 2 మీటర్ల డీఎన్‌ఏ, నేతగాడి కండెకు నూలు చుట్టినట్టు, ఎనిమిది హిస్టోన్ల ముద్దల చుట్టూ తిరుగుతూ కేంద్రకంలో ఒదుగుతుంది. 1997లో కరోలిన్ లూగర్, టిమ్ రిచ్‌మండ్ బృందం ఈ ముద్దను అణువణువునా చూపించింది. దాదాపు 147 అక్షరజంటల (బేస్ జంటల) డీఎన్‌ఏ, ఒకటిన్నర చుట్టుకు కాస్త ఎక్కువ, 14 చోట్ల పట్టు.

హిస్టోన్‌కు అక్షరాలతో పెద్దగా పని లేదు. కొన్ని ప్రొటీన్లకు మాత్రం సరిగ్గా ఫలానా వరసే కావాలి. ఈ.కోలై బ్యాక్టీరియాలో పాలచక్కెర జన్యువులను మూసి ఉంచే లాక్ రిప్రెసర్‌ను 1966లో వాల్టర్ గిల్బర్ట్, బెన్నో ముల్లర్-హిల్ వేరుచేశారు. కణానికి అలాంటివి పదో పదిహేనో ఉంటాయి. లక్షల అక్షరాల్లో తన చోటు ఎలా వెతుక్కుంటుంది? ముందు ఫాస్ఫేట్ వెన్నును వదులుగా పట్టుకుని జారుతుంది, మధ్యమధ్య గెంతుతుంది. సరైన వరస తగిలితే డీఎన్‌ఏ గాడిలోకి దిగి అక్షరాల అంచులను తాకి చదువుతుంది, పట్టు బిగిస్తుంది. పాలచక్కెర నుంచి పుట్టే ఒక చిన్న అణువు వచ్చి అంటుకుంటే ఆకృతి మారి డీఎన్‌ఏను వదిలేస్తుంది. జన్యువు తెరుచుకుంటుంది.

ఇక లెడర్లీ మందుల దగ్గరికి వద్దాం. స్ప్రూ రోగుల ఒంట్లో లోపించేవాటిలో ఫోలిక్ యాసిడ్ ఒకటి. దాన్ని 1945లో సుబ్బారావు బృందం కృత్రిమంగా తయారుచేసింది. దాన్నే కాస్త మార్చి, ఫోలిక్ యాసిడ్ పనికి అడ్డుపడే అమినోప్టెరిన్‌నూ తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్తక్యాన్సర్ పిల్లలకిచ్చి చూశారు. 16 మందిలో 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గుముఖం పట్టింది. అంతకుముందు ఆ పిల్లలకు నికరంగా పనిచేసే మందు లేదు. ఆ వ్యాసం 1948 జూన్‌లో వచ్చింది. రెండు నెలలకే సుబ్బారావు కన్నుమూశారు.

అమినోప్టెరిన్ తోబుట్టువే మెథోట్రెక్సేట్. ఫోలేట్ పని ఆగితే కణానికి డీఎన్‌ఏలోని ‘టి’ అక్షరం, అంటే థైమిన్, కరువవుతుంది. డీఎన్‌ఏ అల్లే ఎంజైము ఆ చోట ఆర్‌ఎన్‌ఏ అక్షరమైన యురాసిల్ పెట్టేస్తుంది. తప్పులు దిద్దే ఇంకో ప్రొటీన్ వచ్చి దాన్ని పీకేస్తుంది. ఖాళీ పూడ్చబోతే మళ్లీ యురాసిలే దొరుకుతుంది, మళ్లీ పీకుడే. చివరికి పేట తెగుతుంది, కణం చస్తుంది. కాపాడవలసిన మరమ్మతే ప్రాణం తీస్తుందని 1948లో ఎవరి ఊహకూ అందలేదు. కీళ్లవాతంలో ఇచ్చే చిన్న మోతాదు పనిచేసే తీరు వేరు.

డాక్సీసైక్లిన్‌ది టెట్రాసైక్లిన్ల కుటుంబం. అందులో మొదటిది ఆరియోమైసిన్. సుబ్బారావు పిలుపు మీద లెడర్లీకి వచ్చిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దాన్ని తీశారు. 1948లో లోకానికి తెలిసింది. ఈ కుటుంబపు మందు కణంలో ఎక్కడ కూర్చుంటుందో చూడడానికి 2000 దాకా ఆగాల్సొచ్చింది. చిదంబరంలో పుట్టిన వెంకటరామన్ రామకృష్ణన్ బృందం రైబోజోమ్ చిన్న ఉపభాగంలో టెట్రాసైక్లిన్‌ను చూపించింది. రైబోజోమ్ అంటే ఆర్‌ఎన్‌ఏ, ప్రొటీన్లు కలిసి కట్టుకున్న యంత్రం. మందు పట్టుకున్నది దాదాపు ఆర్‌ఎన్‌ఏనే, అందులోనూ చక్కెర-ఫాస్ఫేట్ వెన్నునే, నడుమ మెగ్నీషియంతో. అమైనో ఆమ్లం మోసుకొచ్చే ఆర్‌ఎన్‌ఏకు చోటు దొరక్క బ్యాక్టీరియాలో ప్రొటీన్ తయారీ ఆగిపోతుంది. కొన్ని బ్యాక్టీరియాలు దీనికీ విరుగుడు కనిపెట్టాయి. టెట్-ఎం అనే ప్రొటీన్ రైబోజోమ్ మీదికొచ్చి మందును ఊడబెరుకుతుంది.

ఈ చరిత్రలో బెంగళూరుకూ సొంత అధ్యాయం ఉంది. 2023లో కన్నుమూసిన ఎం.ఆర్.ఎస్. రావు ముందు భారతీయ విజ్ఞాన సంస్థలో, తర్వాత జక్కూరులోని జవహర్‌లాల్ నెహ్రూ కేంద్రంలో జీవితమంతా ఈ పట్టు-విడుపులనే పరిశోధించారు. వీర్యకణం తయారయ్యేటప్పుడు డీఎన్‌ఏ నుంచి హిస్టోన్లు తొలగి, మధ్యలో కొంతసేపు ట్రాన్సిషన్ ప్రొటీన్లు వచ్చి, చివరకు మీషర్ చూసిన ప్రోటమిన్లు చోటు తీసుకుంటాయి. ఆ మధ్యవర్తులు డీఎన్‌ఏను ఎలా అంటుకుంటాయో వివరించడంలో ఆయన ప్రయోగశాలది పెద్ద చెయ్యి. అక్కడే ఎలుక కణాల్లో ‘మ్రల్’ అనే ఆర్‌ఎన్‌ఏ దొరికింది. దాని నుంచి ఏ ప్రొటీనూ తయారు కాదు. కేంద్రకంలో పీ68 అనే ప్రొటీన్‌తో జతకట్టి ఉంటుంది. ఏటీపీని ఖర్చుపెట్టి ఆర్‌ఎన్‌ఏ ముడులు విప్పే ప్రొటీన్ అది. వింట్ అనే సంకేతం వచ్చినప్పుడు మ్రల్ తగ్గిపోతుంది, పీ68 కేంద్రకం దాటి బయటకు వెళ్తుంది, మూసి ఉన్న జన్యువులు తెరుచుకుని, వీర్యానికి మూలమైన కణం వీర్యకణంగా మారే దారి పడుతుంది.