అమలు కాని ఉత్తర్వు: ముల్లా క్రేకర్ కేసు

ముల్లా క్రేకర్ అన్న పేరుతో లోకానికి తెలిసిన నజ్ముద్దీన్ ఫరాజ్ అహ్మద్ 1956లో ఇరాక్ కుర్దిస్తాన్‌లోని సులేమానియా ప్రాంతంలో పుట్టాడు. 1991లో శరణార్థిగా నార్వే చేరాడు. భార్యాబిడ్డలకు ఆ దేశ పౌరసత్వం దక్కింది, అతనికి దక్కలేదు. ఓస్లోలో కాపురం పెట్టినా ఉత్తర ఇరాక్‌కు రాకపోకలు మానలేదు. 2001 చివర్లో అక్కడ ఏర్పడిన అన్సార్ అల్-ఇస్లాం అనే సాయుధ ముఠాకు నాయకుడయ్యాడు. ప్రాణభయంతో వదిలి వచ్చిన చోటికే వెళ్లి సాయుధ దళాన్ని నడిపినవాడికి ఇంకా శరణేమిటని నార్వే ప్రజలు అడిగారంటే తప్పు పట్టలేం.

2002 సెప్టెంబరులో ఇరాన్ నుంచి తిరిగి వస్తూ ఆమ్‌స్టర్‌డామ్ విమానాశ్రయంలో పట్టుబడ్డాడు. కొన్ని నెలలు డచ్ జైల్లో ఉండి 2003 జనవరిలో ఓస్లో చేరాడు. మరుసటి నెలలోనే దేశ బహిష్కరణ ఉత్తర్వు వెలువడింది. అప్పట్లో వలసల వ్యవహారాలు చూసిన మంత్రి ఎర్నా సోల్బర్గ్. దేశ భద్రతకు ముప్పన్నది కారణం. అతను కోర్టుకెక్కాడు. 2005లో జిల్లా కోర్టులో, 2006లో అప్పీలు కోర్టులో, 2007 నవంబరులో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. అయినా నార్వేలోనే ఉన్నాడు.

చిక్కంతా ఇక్కడే ఉంది. ప్రమాదం ఉన్న దేశానికి శరణార్థిని తిప్పి పంపకూడదని 1951 నాటి శరణార్థుల ఒప్పందం 33వ అధికరణం చెబుతుంది. అయితే ఆశ్రయమిచ్చిన దేశ భద్రతకే ముప్పుగా మారినవాడికి ఆ రక్షణ వర్తించదని అదే అధికరణం మినహాయింపు కూడా ఇస్తుంది. చిత్రహింసలను నిషేధించే ఐరోపా మానవ హక్కుల ఒప్పందం 3వ అధికరణంలో అలాంటి వెసులుబాటు లేదు. 1996లో బ్రిటన్‌లోని సిక్కు వేర్పాటువాది చాహల్‌ను భారత్‌కు పంపరాదని స్ట్రాస్‌బర్గ్‌లోని ఐరోపా మానవ హక్కుల కోర్టు తీర్పిచ్చినప్పుడు ఈ తేడా తేటతెల్లమైంది. మనిషి ఎంత ప్రమాదకారి అన్నది ఆ తూకంలోకి రాదు, పంపిన చోట అతనికేమవుతుందన్నదే ప్రశ్న. నార్వే 1999లో ఈ ఐరోపా ఒప్పందాన్ని తన చట్టంలో కలుపుకుంది. ఇరాక్ 2004లో మరణశిక్షను పునరుద్ధరించింది. దాంతో ఉత్తర్వు చెల్లినా, అమలు మాత్రం చెయ్యలేకపోయారు. గెలిచిన ప్రభుత్వం చేతులు కట్టుకు కూర్చుంది, ఓడినవాడు ఊళ్లోనే ఉన్నాడు. చట్టం పరువు పోయిందని కొందరన్నారు గానీ, మెచ్చదగినవాడికే దక్కేదైతే దాన్ని హక్కని ఎలా అంటాం?

రక్షణకు అర్థం శిక్ష తప్పించుకోవడం కాదు. తనను ఇరాక్‌కు పంపితే, అక్కడ తనను చంపితే, సోల్బర్గ్‌కూ అదే గతి పడుతుందని 2010 జూన్‌లో క్రేకర్ విలేకరుల ముందు అన్నాడు. ఈ బెదిరింపుతో పాటు ఇతరులను బెదిరించిన నేరాలకూ 2012 మార్చిలో అయిదేళ్ల శిక్ష పడింది. అప్పీలులో అది రెండేళ్ల పది నెలలకు తగ్గింది. అది సాధారణ క్రిమినల్ చట్టం పని. దానికి ఇరాక్‌తో నిమిత్తం లేదు.

చివరికి దారి ఇటలీ వైపు తెరుచుకుంది. ఉగ్రవాద కేసులో అతన్ని అప్పగించమని అంతకుముందు కోరిన ఇటలీ, 2016లో ఆ అభ్యర్థనను వెనక్కి తీసుకుంది. 2019 జులైలో మాత్రం బోల్జానో కోర్టు, ఉగ్రవాద కుట్రకు నాయకత్వం వహించాడని అతని పరోక్షంలోనే 12 ఏళ్ల జైలుశిక్ష విధించింది. 2020 మార్చి 26న నార్వే అతన్ని ఇటలీకి అప్పగించింది. అప్పటికి సోల్బర్గ్ ప్రధానమంత్రి. ఇటలీలో మరణశిక్ష లేదు, అదీ ఐరోపా ఒప్పందానికి కట్టుబడ్డ దేశమే. కాబట్టి పదిహేడేళ్లు అడ్డుపడిన 3వ అధికరణం ఈసారి అడ్డు రాలేదు. నేరస్థుల అప్పగింత వేరు, బహిష్కరణ వేరు. 2003 నాటి ఉత్తర్వు ప్రకారం అతన్ని ఇరాక్‌కు పంపనే లేదు.