పౌరసత్వానికి ఏ కాగితం చూపిస్తారు?

ఇవాళ ఓటు గురించి మాట్లాడుకుందాం. ముందు ఒక ప్రశ్న. "నువ్వు భారత పౌరుడివేనని రుజువు చూపించు" అంటే ఏం చూపిస్తారు? ఆధార్ అంటారు కదా? కానీ ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదు. ఆధార్ చట్టంలోనే ఆ మాట రాసి ఉంది. పాన్ కార్డు కాదు, డ్రైవింగ్ లైసెన్సూ కాదు.

ఇదేదో క్విజ్ ప్రశ్న అనుకోకండి. 2025లో బిహార్‌లో నిజంగా అడిగారు. జూన్ 24న ఎన్నికల సంఘం అక్కడ ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ ప్రకటించింది. అందరూ ఎస్ఐఆర్ అంటున్నది దీన్నే. అప్పటికి జాబితాలో 7.89 కోట్ల మంది ఉన్నారు. 2003 జాబితాలో పేరున్నవాళ్లకు పెద్ద ఇబ్బంది లేదు. మిగతావాళ్లు 11 రకాల కాగితాల్లో ఏదో ఒకటి చూపాలి: పాస్‌పోర్టు, బర్త్ సర్టిఫికెట్, టెన్త్ సర్టిఫికెట్, కుల ధ్రువీకరణ పత్రం, అలాంటివి. ఆ లిస్టులో ఆధార్ లేదు. ఎన్నికల సంఘం తానే ఇచ్చిన ఓటర్ కార్డూ లేదు!

ఇప్పుడు మీ వయసువాళ్ల సంగతి. 1987 జూలైకి ముందు పుట్టినవాళ్లు తమ కాగితం చూపితే చాలు. ఆ తర్వాత పుట్టినవాళ్లు అమ్మానాన్నల్లో ఒకరిది కూడా చూపాలి. 2004 డిసెంబర్ 2 తర్వాత పుడితే అమ్మది, నాన్నది, ఇద్దరివీ కావాలి. పౌరసత్వ చట్టంలోని తేదీలనే ఇక్కడికి తెచ్చారు. పాత జాబితాలో అమ్మానాన్నల పేర్లుంటే ఆ పేజీ చాలన్నారు, అది కొంత నయం.

విదేశీయులకు ఓటు ఉండకూడదు, అందులో గొడవే లేదు. 326వ అధికరణం ఓటు పౌరులకే అంటుంది. చనిపోయినవాళ్ల పేర్లు, రెండు చోట్ల ఉన్న పేర్లు తీసేయాలన్న సంఘం వాదనలోనూ తప్పు లేదు. అసలు గొడవ, రుజువు చేసే భారం ఎవరిది అన్నదే. మామూలుగా ఫారం-6లో "నేను పౌరుణ్ణి" అని సంతకం పెడతాం. అబద్ధమైతే ఏడాది వరకు జైలు. జాబితాలో ఉన్న మనిషిని విదేశీయుడని తీసేయాలంటే ముందు నోటీసిచ్చి అతని మాట వినాలని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఎస్ఐఆర్ దీన్ని తిరగేసింది. ముందు నువ్వే నిరూపించుకో అంది.

మరి ఏం తేలింది? ఆగస్టు 1 ముసాయిదాలో దాదాపు 65 లక్షల పేర్లు లేవు. చనిపోయారు, వేరేచోటికి వెళ్లారు, రెండుసార్లు నమోదయ్యారు. చెప్పిన కారణాలు ఇవి. ఎవరెవరి పేర్లు ఎందుకు పోయాయో కారణాలతో సహా బయటపెట్టమని సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. సెప్టెంబర్ 8న ఆధార్‌ను 12వ పత్రంగా తీసుకోమంది, అదీ గుర్తింపు కోసమే, పౌరసత్వానికి కాదు.

నాకు ఎక్కువ భయం ఆడవాళ్ల గురించి. మన ఇళ్లల్లోనే చూడండి. టెన్త్ మెమోలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. అమ్మమ్మ అయితే ఇంట్లోనే పుట్టింది, బర్త్ సర్టిఫికెట్ ఎక్కణ్ణుంచి వస్తుంది? వీళ్లెవరూ విదేశీయులు కారు. కాగితం సరిగ్గా లేనివాళ్లు, అంతే. నా అభిప్రాయంలో, ఒక్క స్పెల్లింగ్ తేడాకి ఓటు పోయే పద్ధతి దొంగ ఓటు కన్నా చిన్న సమస్యేం కాదు.

బిహార్‌తో ఇది ఆగలేదు. అక్టోబర్ 27న మరో 9 రాష్ట్రాలు, 3 కేంద్రపాలిత ప్రాంతాలకు ప్రకటించారు. వాటిలో పుదుచ్చేరి ఉంది. అంటే మన యానాం కూడా.

కాబట్టి ఇవాళ ఇంట్లో కాగితాల కవరు ఒకసారి తీయండి. మీ పేరు, అమ్మ పేరు అన్నింట్లో ఒకేలా ఉన్నాయా? తేడా ఉంటే ఏం తేడానో కామెంట్‌లో రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో అవే చూద్దాం. నంబర్లు, ఫొటోలు మాత్రం పెట్టకండి.