చికిత్స ముగిసిన తరువాత
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో డి.ఎ. బకాయిలు, హెల్త్ కార్డుల గురించే ఎక్కువగా మాట్లాడుకుంటాం. మాట్లాడుకోవలసిందే. కార్యదర్శిగారు నాకిచ్చిన పది నిమిషాలు మాత్రం క్యాన్సర్ నుండి బయటపడిన వారి కోసం వినియోగిస్తాను. అటువంటివారు మన సభ్యుల ఇళ్లలోనూ ఉన్నారు.

చికిత్స విషయంలో ప్రభుత్వం చేసింది తక్కువేమీ కాదు. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆసుపత్రి 1955 నుండి పేదలకు దిక్కుగా ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఖరీదైన ఆపరేషన్లు, రేడియేషన్ సామాన్యునికి అందాయి. చిక్కంతా డిశ్చార్జి కాగితం చేతికొచ్చిన మర్నాటి నుండే. "మూడు నెలలకు రండి" అని రాస్తారు. ఆదిలాబాదు నుండి హైదరాబాదుకు రావాలంటే రోగి కూలి, తోడు వచ్చినవారి కూలి, బస్సు ఛార్జీలు, ఆపైన ఓ.పి. క్యూ. రెండుసార్లు వస్తాడు. ఒంట్లో బాగానే ఉంది గదా అని మూడోసారి మానేస్తాడు. రాలేదని గమనించేవారుండరు. అది ఫలానా వారి డ్యూటీ అని ఎక్కడా లేదు మరి.

నోటి, గొంతు క్యాన్సర్లు తిరగబెడితే చాలావరకు మొదటి రెండు మూడేళ్లలోనే తిరగబెడతాయి. మెడకు రేడియేషన్ ఇచ్చినవారికి కొన్నేళ్లకు థైరాయిడ్ మందగించవచ్చు. ఆరునెలలకో, ఏడాదికో ఒక రక్తపరీక్ష చేస్తే తెలిసిపోతుంది. దవడకు రేడియేషన్ తగిలినవారు ఆ సంగతి చెప్పకుండా పన్ను పీకించుకుంటే ఎముకే పాడు కావచ్చు. ఇవి ఎంతమంది రోగులకు తెలుసు?

మా పెద్దక్కయ్యకు ఒక పెద్దాసుపత్రిలో రొమ్ము ఆపరేషన్ చక్కగా చేశారు. టామాక్సిఫెన్ మాత్ర ఇచ్చారు. చౌక మాత్రే, కాని కనీసం ఐదేళ్లు వాడాలి. ఆ మాట ఆవిడకు అర్థమయ్యేలా చెప్పినవారు లేరు. ఇచ్చినవి అయిపోగానే మానేసింది. ఏడాది తిరక్కుండా చెయ్యి వాచింది. మా ఊరి ఆసుపత్రిలో కుర్ర డాక్టరు ఏ మందులు ఎక్కించారు, రేడియేషన్ ఎంత ఇచ్చారు అని అడిగాడు. చూపించడానికి మా దగ్గర వానకు తడిసిన రెండు కాగితాలున్నాయి. పాపం, ఆయనేం చేస్తాడు?

మనం ఏ ఊరికి బదిలీ అయినా సర్వీసు రిజిస్టరు మన వెంట వచ్చేది. రోగికి అటువంటిది ఒక్క పేజీ చాలు. ఏ జబ్బు, ఏ దశ, ఏ చికిత్స, ఎంత మోతాదు, ఇకపై ఏ పరీక్ష ఎప్పుడు, ఏ లక్షణం కనబడితే పరుగెత్తుకు రావాలి — ఇదంతా తెలుగులో ఉండాలి. అమెరికాలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2005లోనే ఇటువంటి పత్రాన్ని సిఫారసు చేసింది. అయితే కాగితం ఇచ్చి ఊరుకుంటే పెద్దగా మేలు జరగదని తరువాతి పరిశోధనల్లో తేలింది. కాబట్టి కాగితం వెనక ఒక మనిషి ఉండాలి.

ఆ మనిషి జిల్లా ఆసుపత్రిలోనే ఉండాలంటాను. బి.పి., షుగరు కోసం ఎన్.సి.డి. క్లినిక్కులు ఎలాగూ ఉన్నాయి. అక్కడే ఒక రిజిస్టరు, ఒక స్టాఫ్ నర్సు, గడువు దాటినవారికి ఒక ఫోను, ఫోను పలక్కపోతే ఆశా కార్యకర్తకు కబురు. ప్రతి రాకకూ స్కానింగులు అక్కరలేదు. ఏ లక్షణమూ లేని రొమ్ము క్యాన్సర్ రోగికి డాక్టరు చేత్తో చూడడం, ఏటా ఒక మామోగ్రామ్ చాలావరకు సరిపోతాయి. అనుమానం వచ్చినవారినే పెద్దాసుపత్రికి పంపవచ్చు. మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే ట్రెజరీవారు ఇట్టే కనిపెట్టి పెన్షన్ ఆపేస్తారు గదా! ఆ చురుకుదనంలో సగం ఇక్కడ చూపినా చాలు.

జిల్లా ఆసుపత్రి సూపరింటెండెంటుగారికి ఇవ్వవలసిన వినతిపత్రం చిత్తుప్రతి తెచ్చాను. మనలో నర్సులుగా, ఫార్మసిస్టులుగా, రికార్డు గుమాస్తాలుగా చేసి రిటైరైనవారున్నారు. ఆ రిజిస్టరు దగ్గర వారానికి రెండు పూటలు కూర్చోగలిగినవారు భోజనాల తరువాత కార్యదర్శిగారి వద్ద పేరు, ఫోన్ నంబరు రాయించవలసిందిగా కోరుతున్నాను. మొదటి పేరు నాది రాసేశాను.