మజిలీ మజిలీగా కొండల్లో నడక

(మన సంఘం యువజనుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కొండల యాత్ర గురించి ఒక అరగంట మాట్లాడమని కార్యదర్శిగారు అన్నారు. కొండల యాత్ర అనగానే బస్సు ఎక్కి, కిటికీలోంచి లోయ చూసి, హోటల్లో దిగి, ఫోటో తీసుకొని రావటం చాలామందికి గుర్తుకొస్తుంది. నేను చెప్పబోయేది అది కాదు. వీపుకు సంచి తగిలించుకొని, వెంట గైడు లేకుండా, ఒక విడిది నుంచి మరో విడిదికి కాలినడకన పోయే యాత్ర. గుడారం మోయనక్కరలేదు, వంటసామాను మోయనక్కరలేదు. సాయంత్రానికి నెత్తిన కప్పు, కప్పుకోను రజాయి, వేడి వేడి పప్పూ అన్నం దొరుకుతాయి. తెల్లవారితే మళ్ళీ నడక.

ఇదేమీ కొత్త సంగతి కాదు. తెలుగులో మజిలీ అని ఒక మంచి మాట ఉంది. కాశీమజిలీ కథలు పేరు విననివారుండరు. ఒక్కొక్క మజిలీలో ఆగి ఒక్కొక్క కథ చెప్పుకుంటూ కాశీకి నడిచిపోతారు. ఆ మజిలీ మరేదో కాదు, మన ఉర్దూలోని మంజిలే. తెలుగువాళ్ళు దాన్ని తమ నోటికి తగినట్టు మలుచుకొని ఇంట్లో పెట్టేసుకున్నారు. షేర్ షా సూరి తన పాలనలో, 1540 - 1545 మధ్య, రాజమార్గాల వెంబడి సరాయిలు కట్టించాడని మన పిల్లలు చరిత్ర పాఠంలో చదువుతూనే ఉంటారు. ముసాఫిరు ఒక పూట నడిస్తే చేరగల దూరంలో చోటు ఉండాలి, అంతే దాని సూత్రం.

కొండల్లో ఈ సూత్రాన్ని యూరపువాళ్ళు బాగా పెంచారు. స్విట్జర్లాండులో పర్వతారోహకుల సంఘం 1863లో ఏర్పడింది, ఆ ఏడే తన మొదటి గుడిసెను కొండ మీద కట్టింది. ఇప్పుడు ఆల్ప్స్ పర్వతాల నిండా అలాంటివి వందల్లో ఉన్నాయి. బూట్లు గుమ్మం దగ్గర విడవాలి, రిజిస్టరులో పేరు, రేపు పోయే చోటు రాయాలి, రాత్రి పది గంటలకు దీపాలార్పాలి. అక్కడి పసుపుపచ్చ పలకల మీద కిలోమీటర్లుండవు, గంటలుంటాయి. "ఫలానా విడిదికి రెండు గంటల ఇరవై నిమిషాలు" అని రాసి ఉంటుంది. అది ఎంత తెలివైన పనో కొండ ఎక్కినవాడికి అర్థమవుతుంది.

మనకు అంత దూరం పోనక్కరలేదు. ఉత్తరాఖండ్‌లో, బాగేశ్వర్ జిల్లాలో, పిండారీ హిమానీనదానికి పోయే దారి ఉంది. కుమావూఁ కమీషనరుగా ఉన్న ట్రెయిల్ 1830లో ఆ హిమానీనదం తల దగ్గరి కనుమను దాటాడు, ఆ కనుమకు నేటికీ ఆయన పేరే. తరవాత ఇంగ్లీషువాళ్ళ కాలంలోనే దారి పొడుగునా డాక్ బంగళాలు వెలిశాయి. ఇప్పుడు కుమావూఁ మండల్ వికాస్ నిగమ్ వారి విడిదులున్నాయి. లోహార్‌ఖేత్ నుంచి ఢాకురి 11 కిలోమీటర్లు, అక్కడి నుంచి ఖాతీ 8, ద్వాలీ మరో 11, ఫుర్కియా 5, ఆ పైన జీరో పాయింటు 7. పోనూ రానూ 84 కిలోమీటర్లు, ఆరేడు రోజుల పని. ఖర్కియా దాకా జీపు దారి పడింది కనుక తొందరున్నవాళ్ళు దీన్ని ఇంకా తగ్గించుకోవచ్చు. నా సలహా మాత్రం, తగ్గించవద్దు. ఎత్తుకు ఒళ్ళు అలవాటు పడటానికి ఆ మొదటి రెండు రోజులే మందు. మన తెలుగునాట తూర్పు కనుమల్లో ఎంత పెద్ద కొండైనా 1,700 మీటర్లు దాటదు. లోహార్‌ఖేత్, అంటే నడక మొదలెట్టే ఊరు, ఇంచుమించు ఆ ఎత్తులోనే ఉంది!

2023 దసరా సెలవుల్లో మేము నలుగురం వెళ్ళాం. నేను, మా బళ్ళో లెక్కల మాస్టారు, బ్యాంకులో పనిచేసే ఒక మిత్రుడు, డిగ్రీ చదివే మా మేనల్లుడు. ఢిల్లీ నుంచి కాఠ్‌గోదాం దాకా రైలు, అక్కడి నుంచి అల్మోరా మీదుగా బాగేశ్వర్‌కు జీపు.

మొదటి రోజు రాత్రి లోహార్‌ఖేత్‌లో లెక్కల మాస్టారు మా అందరికీ ఒక లెక్క చెప్పారు. నెయిస్మిత్ అనే స్కాట్లండు పెద్దమనిషి 1892లో రాసిన సూత్రం. చదునైన దూరానికి గంటకు అయిదు కిలోమీటర్లు, పైకి ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకొక గంట కలపాలి. ఢాకురి 11 కిలోమీటర్లు, కనుక రెండు గంటల పన్నెండు నిమిషాలు. దారిలో కనుమ దాకా ఎక్కేది సుమారు 1,100 మీటర్లు, దానికి ఇంకో గంటా యాభై నిమిషాలు. మొత్తం నాలుగు గంటలు. "ఇది స్కాట్లండు కాళ్ళ లెక్క, ఎక్కడా ఆగనివాళ్ళది, మనం సగం కలుపుకుందాం" అన్నారు మాస్టారు. ఆరు గంటలన్నమాట. మర్నాడు మాకు ఆరున్నర పట్టింది. మైదానంలో పదకొండు కిలోమీటర్లంటే ఏముంది అనుకొని పది గంటలకు తీరిగ్గా బయలుదేరితే ఏమవుతుందో మీరే ఊహించండి. అక్టోబరులో అయిదున్నర దాటితే కొండల్లో చీకటి. మధ్యాహ్నం దాటితే మబ్బు పడుతుంది. కాబట్టి తెల్లవారి ఆరింటికి కదలాలి, రెండింటికల్లా విడిదిలో ఉండాలి.

ఆ కనుమ ఎక్కి నిలబడితే ఎదురుగా 6,803 మీటర్ల మైక్‌తోలి కనబడుతుంది. దాని గురించి నేను ఎక్కువ చెప్పను, చెబితే తక్కువవుతుంది. ఖాతీ ఆ దారిలో చివరి ఊరు. అక్కడి నుంచి పిండార్ నది పక్కనే, బాంజ్ చెట్ల నీడలో నడక. ద్వాలీ దగ్గర కఫ్‌నీ నది వచ్చి పిండార్‌లో కలుస్తుంది. 2013 జూన్ వరదల్లో ఈ దారిలోని వంతెనలు కొట్టుకుపోయాయి, బాట చాలాచోట్ల విరిగిపోయింది. అందుకని పాత పుస్తకం, పాత పటం పట్టుకొని పోరాదు. ప్రతి విడిదిలో చౌకీదారును అడగాలి: రేపటి దారిలో ఏ వంతెన ఉంది, ఏది లేదు, నిన్న ఎవరు వచ్చారు అని. జూలై, ఆగస్టుల్లో కొండచరియలు పడతాయి, అసలు పోకూడదు. మే నుంచి జూన్ మధ్య వరకు, మళ్ళీ సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు ఆఖరు దాకా మంచి రోజులు.

ఒక చిన్న సంగతి. నమాజుకు దిక్సూచి పనికొచ్చింది. హైదరాబాదులో ఖిబ్లా పడమరకు కొంచెం ఉత్తరంగా ఉంటుంది గదా. కుమావూఁలో దాదాపు సూటిగా పడమరే, ఇంకా చెప్పాలంటే ఒక పిసరు దక్షిణానికి. మా మేనల్లుడు నమ్మలేదు. భూమి గుండ్రంగా ఉందని ఒక ఉల్లిగడ్డ మీద గీత గీసి చూపించాల్సి వచ్చింది.

ఇక అసలు విషయం. గైడు లేకపోవటమంటే ఏమిటి? దారి చెప్పేవాడు లేడని చాలామంది అనుకుంటారు. దారి అంత కష్టం కాదు, బాట కనబడుతూనే ఉంటుంది, అడిగితే చెప్పేవాళ్ళున్నారు. గైడు చేసే పెద్ద పని వేరే ఉంది. "ఇవాళ చాలు, వెనక్కి పదండి" అని చెప్పటం. డబ్బిచ్చి తెచ్చుకున్నవాడు గనక ఆయన మాట మనం వింటాం. ఆయన లేకపోతే ఆ మాట ఎవరంటారు?

ఫుర్కియా సుమారు 3,260 మీటర్లు. మేము చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. సాయంత్రం మా మేనల్లుడు తల నొప్పి అన్నాడు. అన్నం వద్దన్నాడు. ఎనిమిదింటికి ఒకసారి వాంతి అయింది. రెండువేల అయిదువందల మీటర్లు దాటాక ఎత్తు వల్ల ఈ జబ్బు ఎవరికైనా రావచ్చు. కుర్రవాడా ముసలివాడా, బలవంతుడా బలహీనుడా అని అది చూడదు. నిజానికి మా నలుగురిలోకీ వేగంగా నడిచింది వాడే. కాలి మడమకు రెండో కాలి వేళ్ళు ఆనించి గీత మీద నడిచినట్టు నడిపించి చూశాను. తూలలేదు. కూర్చున్నప్పుడు ఆయాసం లేదు. ఆ రెంటిలో ఏది ఉన్నా అర్ధరాత్రయినా దించాల్సిందే. లేవు గనక రాత్రికి నీళ్ళు తాగించి, పక్కనే పడుకున్నాను. నిద్ర పట్టలేదు. వాడు బయలుదేరేటప్పుడు మా ఆపా నాతో అన్న మాట చెవిలో మోగుతూనే ఉంది: "వీణ్ణి నీ చేతుల్లో పెడుతున్నాను తమ్ముడూ."

తెల్లవారింది. ఆకాశం అద్దంలా ఉంది. వాడికి తల నొప్పి తగ్గలేదు. బ్యాంకు మిత్రుడు అప్పటికే బూట్లు వేసుకున్నారు. "ఏడు కిలోమీటర్లే గదా, పిల్లవాణ్ణి చౌకీదారు దగ్గర ఉంచుదాం, ఒంటిగంటకల్లా తిరిగొస్తాం" అన్నారు. మా వాడు లేచి కూచొని, "నేను బాగానే ఉన్నాను మామూ, నేనూ వస్తాను" అన్నాడు. రెండోది మొదటిదానికంటే ప్రమాదం. ఈ జబ్బు ఉన్నవాడు ఎప్పుడూ బాగున్నాననే అంటాడు.

ఇక్కడ మాకు పనికొచ్చింది మా ధైర్యమూ కాదు, జ్ఞానమూ కాదు. లోహార్‌ఖేత్‌లో, అందరం హాయిగా చాయ్ తాగుతున్నప్పుడు, లెక్కల మాస్టారు ఒక కాగితం మీద నాలుగు మాటలు రాసి అందరిచేతా సంతకం పెట్టించారు. అప్పుడు నవ్వుకున్నాం. అందులో మూడోది ఇది: ఎవరికి తల నొప్పి వచ్చి రాత్రికి తగ్గకపోయినా, నలుగురూ కలిసి కిందికి దిగాలి, చర్చ లేదు. మాస్టారు జేబులోంచి ఆ కాగితం తీసి బల్ల మీద పెట్టారు. ఒక్క మాట మాట్లాడలేదు.

ఇద్దరు దిగి ఇద్దరు ఎక్కవచ్చు గదా అని మీరు అడగవచ్చు. మేమూ ఆలోచించాం. పైకి పోయిన ఇద్దరిలో ఒకరికి కాలు మడతపడితే రెండోవాడు అక్కడ ఉండాలా, సహాయానికి దిగాలా? ఫోను అందదు. ఈల ఊదటం ఒక్కటే గతి. నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఆరుసార్లు. విన్నవాళ్ళు నిమిషానికి మూడుసార్లు ఊది జవాబిస్తారు. వినేవాళ్ళుంటే గదా! పెద్ద జట్టయితే చీలవచ్చు. నలుగురు చీలితే ఎటువైపూ చాలరు.

దిగాం. ద్వాలీ చేరేలోపలే, ఏడువందల మీటర్లు దిగేసరికి, వాడి ముఖం మారింది. పదకొండింటికి రెండు పరాఠాలు తిని మూడోది అడిగాడు. బ్యాంకు మిత్రుడు మాత్రం ద్వాలీ దాకా నాతో మాట్లాడలేదు. ఆయన రెండేళ్ళుగా సెలవు కూడబెట్టుకొని వచ్చినవారు. ఇప్పటికీ ఆ మాటెత్తితే ముఖం అటు తిప్పుకుంటారు. ఆయన కోపంలో అన్యాయం లేదు. నేను పిండారీ హిమానీనదాన్ని చూడలేదు. ఫుర్కియా దాకా పోయి చూడకుండా వచ్చానంటే మా స్టాఫ్ రూములో ఇప్పటికీ నవ్వుతారు, నవ్వనివ్వండి.

పోదలచినవారికి రెండు మాటలు. విడిదుల్లో మంచాలు ముందుగా రాయించుకోవాలి. అడవి శాఖ అనుమతి సంగతి బాగేశ్వర్‌లోనే విచారించుకోవాలి. సంచి ఎనిమిది కిలోలు మించకూడదు. మా బ్యాంకు మిత్రుడు ఇస్త్రీ పెట్టె తప్ప అన్నీ తెచ్చారు, రెండో రోజున సగం ఢాకురి చౌకీదారుకు అప్పగించారు. కొత్త బూట్లు కొండ మీద తొడగరాదు, నెల రోజులు ఇక్కడే తొడిగి నడవాలి. టార్చి, వాన పట్టా, ఈల, ఓఆర్‌ఎస్ పొట్లాలు, మంకీ టోపీ. ఆడపిల్లలు పోవచ్చునా అని ఒక చెల్లెలు చీటీ పంపారు. దారిలో కాలేజీ అమ్మాయిల జట్లు రెండు మాకు ఎదురొచ్చాయి, మాకంటే చురుగ్గా నడుస్తున్నారు.

ఆ నాలుగు మాటల కాగితం నకలు కార్యదర్శిగారి దగ్గర ఉంది, కావలసినవారు రాసుకోండి. మా మేనల్లుడు వెనక వరుసలో కూచున్నాడు. దారి సంగతులు నాకంటే వాడికే బాగా గుర్తు. చాయ్ తాగేటప్పుడు వాణ్ణి పట్టుకోండి.